టోరీ స్పెల్లింగ్ టీవీ థ్రిల్లర్ రీమేక్: అమ్మ పక్కన కూర్చుని చూడొచ్చా?

‘మదర్, మే ఐ స్లీప్ విత్ డేంజర్?’ రెండు వెర్షన్లూ చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

మొదటిది 1996లో అమెరికాలోని ఎన్‌బీసీ టీవీ కోసం తీసింది. ప్రియురాలిని చంపిన కుర్రాడు పేరు మార్చుకుని, కాలేజీలో చదివే లారెల్‌కి (నటి టోరీ స్పెల్లింగ్) దగ్గరవుతాడు. తల్లికి అనుమానం వస్తుంది, కూతురు వినదు. మొన్న శనివారం మా అమ్మతో చూశాను. నాకైతే నటన అక్కడక్కడా మరీ నాటకంలా అనిపించి నవ్వొచ్చింది. అమ్మ మాత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం మానేసి, “తల్లి అంత చెప్తుంటే బుర్రకెక్కదేమే దీనికి!” అని టీవీని తిడుతూ కూర్చుంది. అయిపోయాక నా ఫోన్ వైపు ఓ చూపు చూసింది లెండి, అది వేరే కథ.

ఇప్పుడు 2016లో లైఫ్‌టైమ్ ఛానల్లో వచ్చిన రీమేక్ కూడా పెట్టమంటోంది. అందులో టోరీ స్పెల్లింగే తల్లి, కూతురు ప్రేమించేది ఓ రక్తపిశాచి అమ్మాయిని. కథ హాలీవుడ్ నటుడు జేమ్స్ ఫ్రాంకోది. అది సీరియస్‌గా తీశారా, కావాలనే వెటకారంగా తీశారా? తల్లీకూతుళ్ల టెన్షన్ అందులోనూ నిలబడిందా? అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో రిమోట్ కోసం తడుముకోవాల్సిన సీన్లు ఎన్ని?

ముగింపు మాత్రం చెప్పేయకండి, ప్లీజ్.