పలాస జీడి బట్టీలో పనిచేసే 55 ఏళ్ల ఆమెకు ఏ పేరు పెట్టాలి?

ఉద్దానం పిల్ల:
జీడిపిక్కలు కొట్టే ఆమె మీద కథ రాస్తున్నాను. స్వాతి అని పేరు పెట్టాను. అమ్మకు చదివి వినిపిస్తే మొదటి పేజీలోనే ఆపేసింది. "ఆ వయసు ఆడమనిషి మన వీధిలో స్వాతి అని ఎవరున్నారే? వాళ్ల కూతుళ్లున్నారు గానీ" అంది. నిజమే. సరే అని అప్పలనరసమ్మ అని మార్చాను. అన్న అప్పలనాయుడు, మొగుడు అప్పలస్వామి. మా ఇంట్లోనూ అచ్చం ఇలాంటి పేర్లే, కానీ కాగితం మీద ఎవరు ఎవరో నాకే తెలియడం లేదు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. పేరు కుదరక ఆమె నోట మాటే రావడం లేదు.

రాజాం మాస్టారు:
మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారమ్మా. 30 ఏళ్లు బడిలో హాజరు పిలిచినవాణ్ణి. మన వైపు ఆ తరం పేర్లు చాలావరకు మొక్కును బట్టి వచ్చినవే. సింహాచలం అప్పన్నకు మొక్కితే అప్పలనాయుడు, విజయనగరం పైడితల్లమ్మకైతే పైడిరాజు, అరసవల్లికైతే సూర్యనారాయణ, శ్రీకూర్మానికైతే కూర్మారావు. మీ కథ పలాసది కదా, అన్నకు శ్రీముఖలింగం శివుడి పేరు మీద ముఖలింగం అని పెట్టండి. మొగుడికి ఢిల్లేశ్వరరావు. ఆ పేరు వింటేనే శ్రీకాకుళం అని తెలిసిపోతుంది. అప్పల వదలాలని లేదంటారా, మా క్లాసులో ముగ్గురు అప్పలనాయుళ్లుంటే పిల్లలే తేల్చేశారు: పెద అప్పలనాయుడు, చిన అప్పలనాయుడు, వాళ్ల నాన్న మిల్లులో పని కాబట్టి మూడోవాడు జూట్‌మిల్లు అప్పలనాయుడు.

చీపురుపల్లి అప్ప:
చెల్లీ, తవిటమ్మ అని పెట్టు. మా నాన్నమ్మ పేరు. ఆవిడకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని ఈవిడ పుట్టగానే పక్కింటామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కున్నారు. కొనుక్కున్న బిడ్డయితే నిలుస్తుందని నమ్మకం. అయితే ఊరి వాసన కోసమని మాత్రం ఈ పేరు పెట్టకు. పెడితే ఆ పోయిన ఇద్దరూ కథలో ఎక్కడో ఉండాలి. ఏ పిల్లకు జ్వరమొచ్చినా మా నాన్నమ్మ రాత్రంతా మంచం పక్కనే కూర్చునేది. లాంతరు వత్తి తగ్గించనిచ్చేది కాదు.

ఉద్దానం పిల్ల:
రాత్రే మార్చాను. ముఖలింగం, ఢిల్లేశ్వరరావు ఇద్దరూ వచ్చేశారు మాస్టారూ. స్వాతి పేరు కూతురికిచ్చాను. తూకం దగ్గర గుమస్తా "తవిటమ్మా" అని పిలిచాడు, ఆమె లేచింది, ఒళ్లోంచి పిక్క పెంకులు రాలాయి. రెండు వారాల్లో ఆమె కదలడం ఇదే మొదలు. అప్పా, ఆ ఇద్దరి సంగతి ఇంకా రాయలేదు. మీ నాన్నమ్మ లాంతరు వాడుకోనా?

చీపురుపల్లి అప్ప:
వాడుకో తల్లీ. గ్లాసుకి ఒక పక్క చీలిక ఉండేది, అక్కడ కాగితం అంటించేది. అదీ రాయి.