హెడ్‌ఫోన్స్‌లో బాగుంది, రికార్డ్ చేస్తే సింథ్ ప్యాడ్ మాయం. దయచేసి ఎవరైనా చెప్పండి

ఆరుతీగలు:
నాలుగు గంటలుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక ఓపిక లేదు. గిటార్ పన్నెండేళ్లుగా వాయిస్తున్నాను కానీ సింథ్ (ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్వరాలు పుట్టించే వాద్యం) చేతికి రావడం ఈ నెలే మొదటిసారి. బ్యాటరీతో నడిచే చిన్నది, ఒళ్లో పెట్టుకుని వాయించుకోవచ్చు. గిటార్ వెనకాల మెల్లగా పరుచుకునే యాంబియెంట్ ప్యాడ్, అంటే సాగుతూ నిలిచే స్వరాల పొర, కావాలి, అంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గది నిండిపోయినట్టు వినిపిస్తోంది. అదే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకి) కలిపి రికార్డ్ చేస్తే బేస్ లేదు, అసలు స్వరమే లేదు, ఎక్కడో దూరం నుంచి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తోక మాత్రం వస్తోంది. అదే ఇన్‌పుట్‌లో గిటార్ పెడితే చక్కగా పలుకుతోంది కాబట్టి ఇంటర్‌ఫేస్ తప్పు కాదు. ఫిల్టర్ తెరిచాను, మూశాను, ఈక్వలైజర్‌లో బేస్ పెంచాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. సింథ్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, గిటార్ కార్డ్స్‌లో ఉండే స్వరాలన్నీ దీని మీద పట్టుకుంటే కొన్ని మధ్యలో తెగిపోతున్నాయి. అదీ దీనివల్లేనా?

పాత_వైరు:
ఏ కేబుల్?

గ్రౌండ్_లూప్:
సింథ్‌ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఛార్జ్ చేస్తూ రికార్డ్ చేస్తున్నారా? ముందు అది మానేయండి. పవర్ తీగలోంచి ఒక గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి), ఆడియో తీగలోంచి ఇంకో గ్రౌండ్, రెండూ కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది, ల్యాప్‌టాప్ లోపలి రొద అంతా ఆ దారిన ఆడియోలోకి వచ్చేస్తుంది. సన్నగా కీచుమంటుంది, మౌస్ కదిపితే ఆ కీచు మారుతుంది. డ్రమ్స్, డిస్టార్షన్ ఉన్న పాటలో అది కింద దాగిపోతుంది కానీ యాంబియెంట్‌లో ఒక్కో స్వరం పది సెకన్లు ఆరిపోతూ ఉంటుంది కదా, ఆ ఆరిపోయే చోటే రొద పైకి తేలుతుంది, దాని మీద కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) వేస్తే ఇంకా పైకొస్తుంది. నేను ఒక ఆల్బమ్ మొత్తం మళ్లీ రికార్డ్ చేయాల్సి వచ్చింది దీనివల్ల. బ్యాటరీ మీదే నడపండి.

ఆరుతీగలు:
కీచు శబ్దం ఏమీ లేదండీ, బ్యాటరీ మీదే నడుపుతున్నాను. నా బాధ స్వరం పోవడం గురించి.

గ్రౌండ్_లూప్:
ఇవాళ లేదు, ఛార్జర్ పెట్టిన రోజు వస్తుంది. ఆ గ్రౌండ్ చుట్టుని తెంపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి దగ్గర ఉంచుకోవడం ఎప్పటికైనా మంచిది.

నెమ్మది_స్వరం:
స్వరాలు తెగిపోవడం గురించి నేను చెప్తాను, నేనూ గిటార్ నుంచే వచ్చాను. మీ సింథ్‌కి ఎన్ని వాయిస్‌లు? ఇలాంటి చిన్నవాటిలో చాలావాటికి నాలుగే ఉంటాయి. అంటే ఒకేసారి నాలుగు స్వరాలే పలకగలదు. గిటార్ మీద ఆరు తీగలూ మోగించే అలవాటుతో ఆరు స్వరాలు పట్టుకుంటే, అయిదోది రాగానే మొదట్లో మోగినదాన్ని ఆపేసి ఆ వాయిస్‌ని దీనికి ఇచ్చేస్తుంది. పైగా ప్యాడ్ కోసం రిలీజ్ (వేలు తీశాక స్వరం ఆరడానికి పట్టే సమయం) ఆరేడు సెకన్లు పెట్టి ఉంటారు. మీట మీద నుంచి వేలు తీసినా ఆ స్వరం ఆరేదాకా దాని వాయిస్ ఖాళీ అవ్వదు, అందుకే రెండో కార్డ్ వాయించగానే మొదటి కార్డ్ తోక తెగుతుంది. రెండు మూడు స్వరాలే పట్టుకోండి, బేస్ స్వరం గిటార్‌కి వదిలేయండి. రిలీజ్ రెండు సెకన్లకి తగ్గించి, మిగతా పొడవు రివర్బ్‌తో రప్పించండి, రివర్బ్‌కి వాయిస్‌లు ఖర్చు కావు. అటాక్ (స్వరం పూర్తిగా పైకి రావడానికి పట్టే సమయం) కూడా రెండు సెకన్ల దాకా పెంచి చూడండి. గిటార్ స్వరం మీటగానే పుట్టి అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది, ప్యాడ్ మెల్లగా పుట్టి నిలబడుతుంది, ఆ రెండూ ఒకదాని ఖాళీలో ఇంకొకటి కూర్చున్నప్పుడు వచ్చే సుఖం వేరు.

ఆరుతీగలు:
నాలుగే అని మాన్యువల్‌లో ఉంది, ఇప్పుడే చూశాను. ఇది అర్థమైంది. కానీ అసలు స్వరమే రికార్డ్ కావట్లేదు కదా.

పాత_వైరు:
మళ్లీ అడుగుతున్నాను. ఏ కేబుల్?

ఆరుతీగలు:
మామూలుదే. సింథ్ వైపు హెడ్‌ఫోన్స్‌కి ఉండే చిన్న జాక్, ఇంటర్‌ఫేస్ వైపు గిటార్ జాక్ సైజుది. కొత్తదే, బాగానే ఉంది.

పాత_వైరు:
పెద్ద జాక్ మీద నల్ల గీతలు ఒకటా రెండా?

ఆరుతీగలు:
రెండు. గిటార్ కేబుల్‌కి ఒకటే ఉంది.

పాత_వైరు:
అదే. ఆ రెండు గీతలు జాక్‌ని మూడు ముక్కలు చేస్తాయి. సింథ్ నుంచి ఎడమ వైపు శబ్దం చివరి (కొన) ముక్క మీద, కుడి వైపుది మధ్య ముక్క మీద వస్తాయి. ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్, అది చివరి దాంట్లోంచి మధ్య దాన్ని తీసేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉన్నదంతా కొట్టుకుపోతుంది. ప్యాడ్ సమానం, పోయింది. రివర్బ్ రెండు వైపులా వేరు, మిగిలింది. రివర్బ్ పూర్తిగా ఆపి రికార్డ్ చెయ్యి, దాదాపు నిశ్శబ్దం వస్తే అనుమానమే లేదు.

ఆరుతీగలు:
నిశ్శబ్దమే!! అంటే ఇది బ్యాలెన్స్‌డ్ కేబుల్, స్టీరియో కేబుల్ కొనాలా?

తీగ_శాస్త్రం:
ఈ పేర్ల గందరగోళం వల్లే ఇవన్నీ. స్టీరియో కేబుల్, బ్యాలెన్స్‌డ్ కేబుల్ అని రెండు వేరే జాతులు లేవు. మూడు ముక్కల జాక్ ఉన్న కేబుల్ ఒకటే, దాంట్లోంచి ఎడమ కుడి పంపితే స్టీరియో, ఒకే సిగ్నల్‌ని సూటిగా ఒకటి, తలకిందులుగా ఒకటి పంపితే బ్యాలెన్స్‌డ్. రెండో పద్ధతిలో దారిలో రెండు తీగల్లోకీ ఒకేలా దూరిన రొద ఆ తీసివేతలో పోతుంది, సిగ్నల్ నిలుస్తుంది. అందుకే ఆ ఇన్‌పుట్ అలా చేశారు. కేబుల్‌కి పేరు పెట్టకండి, సిగ్నల్‌కి పెట్టండి.

గ్రౌండ్_లూప్:
మంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో రెండు తీగలూ మెలిపెట్టి ఉంటాయి, మామూలు స్టీరియో తీగల్లో చాలావాటికి ఆ మెలి ఉండదు. ఒకటే అనడం సరికాదు.

తీగ_శాస్త్రం:
మెలి అనేది నాణ్యత సంగతి, నేను జాక్ గురించి చెప్తున్నాను.

పాత_వైరు:
ఒక చివర చిన్న స్టీరియో జాక్, రెండో చివర రెండు పెద్ద మోనో జాక్‌లు (గిటార్ కేబుల్‌కి ఉన్నట్టు ఒకే గీతవి) ఉండే చీలిక కేబుల్ కావాలి. ఒకటి మొదటి ఇన్‌పుట్‌లో, ఇంకోటి రెండో ఇన్‌పుట్‌లో. గిటార్ కోసం ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉంటే తీసెయ్, సింథ్ ఇచ్చేది లైన్ లెవెల్, గిటార్ కన్నా బలమైన సిగ్నల్.

ఆరుతీగలు:
ఇప్పటికే రికార్డ్ చేసినవి మూడు ఉన్నాయి, వాటిలో వాయింపు చాలా బాగా కుదిరింది. వాటిని బాగుచేయొచ్చా?

పాత_వైరు:
కుదరదు. పోయిన స్వరం ఫైల్‌లోనే లేదు.

నెమ్మది_స్వరం:
వాటిని పారేయకండి, స్వరం లేని ఆ రివర్బ్ పొరని కొత్త ప్యాడ్ కింద సన్నగా వేసి చూడండి.

ఆరుతీగలు:
పాత డబ్బాలో చీలిక కేబుల్ దొరికింది. వచ్చేసింది, బేస్‌తో సహా. థాంక్స్ అందరికీ, మళ్లీ మొదలుపెడుతున్నా.

నెమ్మది_స్వరం:
సంతోషం. మీ ఇంటర్‌ఫేస్‌కి రెండే ఇన్‌పుట్‌లా? రెండూ సింథ్‌కి ఇచ్చేస్తే గిటార్‌ని ఎక్కడ పెడుతున్నారు?