లావా భూమి మధ్యలోంచి వస్తుందా?

గోదారిగట్టు:
అగ్నిపర్వతం బొమ్మ గీస్తే కింద ఎర్రటి సముద్రం, దాంట్లోంచి ఒక గొట్టం తప్పనిసరి. భూమి నడిమి భాగమైన కోర్‌లో ద్రవం ఉంది కదా, లావా అక్కడిదేనా? కాకపోతే కోర్‌కూ పైపెంకుకూ మధ్య 1300 డిగ్రీలు దాటిన మాంటిల్ పొర గట్టిగా ఎలా ఉంటుంది? లోతున కరగని రాయి, వేడి తగ్గే పైభాగానికి వచ్చి కరగడమేమిటి?

నల్లరాయి:
కోర్‌ది కాదండీ. బయటి కోర్ మొదలయ్యేదే 2900 కి.మీ. లోతున, పైగా అది కరిగిన ఇనుము, నికెల్. లావా సిలికేట్ (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన) రాయి. మాగ్మా, అంటే ఇంకా నేల లోపలే ఉన్న కరిగిన రాయి, చాలావరకు పుట్టేది మాంటిల్ పైభాగంలో, 150 కి.మీ. లోపే. ఆ మాంటిల్ గట్టి రాయే. భూకంపాల్లో పుట్టి, ద్రవంలో సాగలేని ఎస్ తరంగాలు దాంట్లోంచి దూసుకుపోతాయి, బయటి కోర్ దగ్గరే ఆగిపోతాయి.

మీ చివరి ప్రశ్నే అసలు కీలకం. మాంటిల్లో ఉండే పెరిడోటైట్ రాయి నేల మీదైతే 1100 డిగ్రీలు దాటగానే కరగడం మొదలుపెడుతుంది. 100 కి.మీ. లోతున పీడనం వల్ల దాదాపు 1500 కావాలి. అక్కడున్న వేడి సుమారు 1400, చాలదు. అదే రాయి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తే దాని వేడి కిలోమీటరుకు అర డిగ్రీ తగ్గుతుందేమో; కరగడానికి కావలసిన వేడి మాత్రం మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. సముద్ర మధ్య పర్వతశ్రేణుల కింద 60 కి.మీ. దగ్గర ఈ రెండూ కలుస్తాయి. అప్పుడైనా రాయంతా కరగదు, మహా అయితే ఐదో వంతు. ఆ కరిగిందే, చల్లారితే నల్లరాయిగా మారే బసాల్ట్ మాగ్మా. చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక కాబట్టి సందుల్లోంచి పైకి పాకుతుంది.

ఎస్‌తరంగం:
ఇది ఒక దారి మాత్రమే. అండమాన్లోని బారెన్ ద్వీపం అగ్నిపర్వతం తీసుకోండి. అక్కడ ఇండియా ఫలకం (భూమి పైపెంకులోని పెద్ద ముక్క) పక్క ఫలకం కిందకి దిగుతోంది. దిగే ఫలకం చల్లనిది, అది కరిగి లావా అవుతుందన్న వివరణ అక్కడికి సరిపోదు. దాని ఖనిజాల్లో బందీ అయిన నీరు 100 కి.మీ. లోతుకు చేరేసరికి బయటపడి పైనున్న మాంటిల్లోకి ఎక్కుతుంది. తడి రాయి కరిగే ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పడిపోతుంది. ఇలాంటి చోట్ల అగ్నిపర్వతాలు పేలేదీ ఆ నీటివల్లే: పైకొచ్చేకొద్దీ ఆవిరై మాగ్మాను చీల్చేస్తుంది. హవాయి మాగ్మాలో నీరు ఒక శాతం లోపే, అందుకే అది సాధారణంగా పారుతుంది.

గోదారిగట్టు:
మరి పైకొచ్చిన మాగ్మా చెరువులా నిల్వ ఉంటుందా?

నల్లరాయి:
చెరువు అనుకుంటే పొరపాటే. ఎక్కువ భాగం స్ఫటికాల ముద్ద, మధ్యమధ్య ద్రవం. స్ఫటికాలు సగం దాటితే అది పారదు. కాకపోతే హవాయిలోని కిలావెయా అగ్నిపర్వతం శిఖరం కింద ఒకట్రెండు కిలోమీటర్ల లోతులో నిజంగానే ద్రవం ఉంది. 2018లో అది పక్కకు జారి 40 కి.మీ. దూరంలో బయటపడింది. దాంతో శిఖరం దగ్గర నేల 500 మీటర్ల దాకా కుంగింది.

ఎస్‌తరంగం:
గోదారిగట్టు గారూ, మీ చుట్టుపక్కలే చూడండి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావాయే. పశ్చిమ కనుమల వైపు నుంచి దాదాపు 1000 కి.మీ. పాత నదీలోయల వెంట పారివచ్చిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంటుంది, దాంట్లో నత్తగుల్లల శిలాజాలు వెతకండి. పై లావా రావడానికి ముందు అక్కడ నీళ్లు నిలిచాయన్నమాట.