షెపర్డ్స్ పైలో బంగాళాదుంప పొర కుంగకుండా ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాము. షెపర్డ్స్ పైని, అంటే గొర్రె కీమాపై మెదిపిన బంగాళాదుంపను పరిచి ఓవెన్‌లో కాల్చే వంటకాన్ని, ఇక్కడివారి పద్ధతిలోనే ఇంట్లో చక్కగా చేయడం నేర్చుకోవాలని నా కోరిక.

గొర్రె కీమాను ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ ముక్కలు చేర్చి, టమాటా పేస్టు, వూస్టర్ సాస్ (పులుపు, ఉప్పదనం గల ఇంగ్లిష్ సాస్), థైమ్ ఆకులతో ఉడికించి, దానిపై వెన్న, పాలు కలిపి మెదిపిన బంగాళాదుంపను పరిచి, 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచుతున్నాను. రుచికి లోటు లేదు. అయితే అంచుల వద్ద గ్రేవీ పైకి పొంగి, మధ్యలో బంగాళాదుంప కిందికి కుంగిపోతున్నది. ఫోర్కుతో గీసిన గీతలు కరకరలాడకుండా మెత్తబడుతున్నాయి.

గ్రేవీ చిక్కబడడానికి కీమా వేగేటప్పుడే మైదా చల్లడం మంచిదా, లేక నీరు ఇంకేవరకు సన్నని మంటపై ఉంచితే చాలునా? కీమాను పూర్తిగా చల్లార్చిన తరువాతే బంగాళాదుంపను పరచాలా? పిండిగుణం ఎక్కువగా ఉండే మారిస్ పైపర్ దుంపలనే వాడుతున్నాను. వాటిని వార్చాక ఆవిరి పోయేవరకు ఆరబెట్టి, పాలు తగ్గించి, గుడ్డు పచ్చసొన కలిపితే పొర నిలుస్తుందా?

ముందురోజు రాత్రే సిద్ధం చేసి ఫ్రిజ్‌లో ఉంచితే, మరునాడు లోపలి మాంసం బాగా వేడెక్కేలా ఓవెన్‌లో ఎంతసేపు ఉంచాలో కూడా తెలుపగలరు. గరం మసాలా, అల్లంవెల్లుల్లి ముద్ద చేర్చమని మాత్రం దయచేసి సూచించకండి. థైమ్ పరిమళం గల ఆ సౌమ్యమైన రుచే మా ఇంటిల్లిపాదికీ ఇష్టం. ఈ వంటకాన్ని తరచుగా చేసేవారు తమ అనుభవంతో సమాధానమిస్తే ఎంతో కృతజ్ఞురాలిని.