డంపింగ్ యార్డ్ పక్కన బోరు నీళ్లు: పీఫాస్ టెస్ట్ ఎలా చేయించాలి?

శివారువాసి: మాది హైదరాబాద్ శివారు, ఇంటి వెనకే డంపింగ్ యార్డ్. వానలు పడితే బోరు నీళ్లు పల్చటి డికాషన్‌లా వస్తున్నాయి. టీడీఎస్ చూపించాం. అందులో పీఫాస్ (నాన్‌స్టిక్, వాటర్‌ప్రూఫ్ వస్తువుల్లో వాడే, తొందరగా విరగని రసాయనాలు) కూడా తెలుస్తుందా అన్నా?

ల్యాబ్ మనిషి: తెలీదు తమ్ముడూ. ఆ మీటరు కరిగిన లవణాలే చెప్తుంది. పీఫాస్‌ని లీటరుకి నానోగ్రాముల్లో కొలవాలి, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (రసాయనాల్ని విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తుపట్టే) మెషీన్ ఉన్న ల్యాబ్ కావాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2024లో ఖరారు చేసిన 1633 పద్ధతి చేస్తారా అని అడుగు, చెత్తలోంచి ఊరే నీళ్లకీ మురుగునీటికీ మట్టికీ అదే, 40 రసాయనాలు చూస్తారు. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

పద్మజ: శాంపిల్ హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) సీసాలోనే పట్టండి, టెఫ్లాన్ మూత వద్దు, అదీ పీఫాస్ రకమే. వాటర్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని పట్టినా లెక్క తప్పొచ్చు!

శివారువాసి: కాచి తాగితే?

ల్యాబ్ మనిషి: కాస్తే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో చాలావరకు ఆపుతుంది. ముందు అమ్మోనియా, సీఓడీ (నీళ్లలోని సేంద్రియ మలినాల కొలత) చూపించు, చెత్త నీళ్లు బోరులో కలుస్తున్నాయేమో అంచనా దొరుకుతుంది, చవక.