అప్‌డేట్: చిల్లర పందేలతో న్యూయార్క్ గ్యాంగ్‌లు ఎలా బలిశాయి?

1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక గ్యాంగ్‌లకి చిల్లర పందేల మీద అంత డబ్బెలా వచ్చిందని మొన్న అడిగాను కదా, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో నడిచిన ‘నంబర్స్’ అనే పందెం గురించి చదవమన్నవాళ్లకి థ్యాంక్స్.

ఆట మన మట్కా లాంటిదే. 000 నుంచి 999 దాకా ఏదో ఒక నంబర్ మీద పది సెంట్లో పావు డాలరో కట్టేవాళ్లు, తగిలితే దాదాపు 600 రెట్లు, కానీ తగిలే చాన్స్ వెయ్యిలో ఒకటి, అంటే వెయ్యి డాలర్లు వసూలైతే సగటున 400 మిగులుతాయి, అందులోనే చీటీలు రాసేవాళ్ల కమీషన్, పోలీసుల మామూళ్లు.

మొదట్లో దీన్ని నడిపింది స్టెఫనీ సెయింట్ క్లెయిర్ లాంటి నల్లజాతివాళ్లు. 1930ల మొదట్లో డచ్ షుల్ట్జ్ అనే గ్యాంగ్‌స్టర్ బెదిరించి లాగేసుకున్నాడు.

నాకు మతిపోయింది మాత్రం అతని లెక్కల మనిషి ఒట్టో బెర్మన్ దగ్గర. నంబర్ గుర్రప్పందేల డబ్బు టోటల్స్ నుంచి తీసేవాళ్లు కాబట్టి మోసం ఉండదని జనం నమ్మకం, ఈయనేమో ఎక్కువమంది కట్టిన నంబర్ రాకుండా చివరి నిమిషంలో రేస్‌కోర్స్‌లో పందెం కాయించి టోటల్‌నే మార్చేసేవాడు! ఆ బుర్రకి దండం పెట్టాలి. 1935 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో ఒక రెస్టారెంట్‌లో షుల్ట్జ్‌తో పాటు ఇతన్నీ కాల్చేశారు.