లాక్‌డౌన్ రోజుల్లో రక్తదాతల్లో వైరస్‌లు తగ్గాయా?

ఎంవీపీ_దాత:
2020 మార్చిలో మా కాలేజీలో పెట్టాల్సిన రక్తదాన శిబిరం లాక్‌డౌన్‌తో రద్దయింది. అప్పటి నుంచి ఒక సందేహం. అందరం మాస్కులు కట్టుకుని ఇళ్లలోనే ఉన్నాం కదా, దాతల్లో ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గాయా?

బ్లడ్‌బ్యాంక్_టెక్నీషియన్:
అన్నిటికీ ఒకే జవాబు లేదండి. మన దగ్గర ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా చూడాల్సిందే. మాస్కు వీటిలో దేన్నీ ఆపలేదు. హెపటైటిస్ బీ ఉన్న చాలామందికి అది ఏళ్ల క్రితమే వచ్చి ఉంటుంది.

దగ్గు, తుమ్ముల ద్వారా వచ్చేవి వేరు. ఉదాహరణకు పార్వోవైరస్ బీ19. మందుల కంపెనీలు వేలమంది ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, కలిపి ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే ఫ్యాక్టర్ 8 తయారుచేస్తాయి. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదు కాబట్టి ఆ పొరను కరిగించి వైరస్‌లను చంపే సాల్వెంట్ డిటర్జెంట్ పద్ధతికి చావదు. అందుకే ప్లాస్మాలో దీన్ని విడిగా వెతుకుతారు. ఆంక్షల కాలంలో ఐరోపా దాతల్లో ఇది బాగా తగ్గింది. ఆ రెండు మూడేళ్లు వైరస్ తగలని పిల్లలు, పెద్దలు పోగుపడ్డారు. తర్వాత ఒక్కసారిగా విజృంభించింది. అమెరికాలో ఒక పెద్ద ల్యాబ్‌లో ప్లాస్మా దాతల నమూనాలను కలిపి పరీక్షిస్తే, 2023 డిసెంబరులో 1.5 శాతం మిశ్రమాల్లో ఎక్కువ మోతాదులో కనిపించిన బీ19, 2024 జూన్‌కి 19.9 శాతానికి చేరింది.

గోపాలపట్నం_అమ్మ:
మా పాపకి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 2020 ఏప్రిల్‌లో మాకు వైరస్ భయం కంటే రక్తం దొరకదన్న టెన్షనే ఎక్కువ. శిబిరాలు లేవు, దాతలు గడప దాటలేరు. పాపకి హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది. చివరికి మా మరిది స్నేహితుడు ఇక్కడి విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పోలీసులకి చీటీ చూపించి మరీ వచ్చాడు. ఆ అబ్బాయిని ఈ జన్మలో మర్చిపోను.

ఈ బీ19 మా పాపలాంటి వాళ్లకి ప్రమాదమా అండి?

బ్లడ్‌బ్యాంక్_టెక్నీషియన్:
జాగ్రత్త అవసరమేనమ్మా. ఎముక మజ్జలో ఎర్రకణాలు తయారయ్యే చోటే ఇది దెబ్బకొడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కొద్దిరోజుల జ్వరంతో పోతుంది. తలసీమియా ఉన్నవాళ్లకి, మన పాడేరు, అరకు వైపు ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) వాళ్లకి హిమోగ్లోబిన్ హఠాత్తుగా పడిపోవచ్చు. పాప ఎప్పటికంటే నీరసపడితే వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఇందాక చెప్పిన ఐదు పరీక్షల్లో బీ19 లేదు. అందుకే శిబిరంలో ఫారం నింపేటప్పుడు దాత చెప్పే నిజం మీదే మేం ఆధారపడతాం. "చిన్న జ్వరమే కదా" అని దాచొద్దని అందరికీ దండం పెట్టి చెబుతున్నా.

ఎంవీపీ_దాత:
ఈ ఆదివారం శిబిరానికి పేరిచ్చాను. పోయిన వారం మా బాబుకి జ్వరం వచ్చి, చెంపదెబ్బ కొట్టినట్టు బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇది చెప్పాలా?

బ్లడ్‌బ్యాంక్_టెక్నీషియన్:
తప్పకుండా చెప్పండి. పిల్లల్లో బీ19 అచ్చం అలాగే కనిపిస్తుంది. ఇవ్వాలా, ఆగాలా అన్నది అక్కడి డాక్టరు చెబుతారు.

ఎంవీపీ_దాత:
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. వచ్చే నెల రమ్మన్నారు. గోపాలపట్నం అక్కా, పాపది ఏ గ్రూపో చెప్పండి. నాది ఓ పాజిటివ్.